క్రిస్మస్‌కు వెన్న బిస్కెట్లు: ఇంటి వెన్న సరిపోతుందా?

పర్లాకిమిడి నుంచి ప్రశ్న:
క్రిస్మస్‌కు ఇరుగుపొరుగు వారికి పంచడానికి వెన్న బిస్కెట్లు ఇంట్లోనే చేయాలని ఉంది. మాకు ఓవెన్ లేదు గానీ, పెరుగు చిలికి తీసిన వెన్న సమృద్ధిగా ఉంది. అది సరిపోతుందా, నెయ్యి వాడాలా? దయచేసి చెప్పండి.

రాయగడ నుంచి:
తప్పకుండా సరిపోతుందండీ. అయితే ఇంటి వెన్నలో మజ్జిగ మిగిలి ఉంటుంది కనుక చల్లటి నీటిలో బాగా కడిగి, నీరంతా పిండేసి వాడండి. తడి ఎక్కువైతే మైదాలో జిగురు పెరిగి బిస్కెట్ గుల్లగా రాదు. 300 గ్రాముల మైదాకు 200 గ్రాముల వెన్న, 100 గ్రాముల పంచదార పొడి చక్కగా కుదురుతాయి. వెన్నను కరిగించకుండా, వేలితో నొక్కితే దిగేంత మెత్తగా ఉన్నప్పుడే పంచదారతో గిలకొట్టి, మైదా కలిపిన ముద్దను అరగంట ఫ్రిజ్‌లో ఉంచితే కాలేటప్పుడు పరచుకుపోదు. ఆ అరగంటను మాత్రం తగ్గించవద్దు.

గుణుపురం నుంచి:
నెయ్యితో చేస్తే నాన్‌ఖటాయిలా పొడిపొడిగా విరుగుతాయి. పండుగకు నేను వెన్ననే ఎంచుకుంటాను.

బరంపురం నుంచి:
మందపాటి గిన్నె అడుగున ఉప్పు పరచి, స్టాండు పెట్టి, మూతతో పది నిమిషాలు వేడిచేశాక, బిస్కెట్ల పళ్లెం ఉంచి సన్నని సెగపై కాల్చండి. అంచులు బంగారు రంగుకు తిరగగానే దించండి. వేడిలో మెత్తగా ఉన్నా, చల్లారాక గట్టిపడతాయి.