మాండెల్‌బ్రాట్ బొమ్మల నల్లమచ్చ పోతలేదు, ఏ లెక్క చదవాలె?

హన్మకొండ బీఎస్సీ: ఫ్రాక్టల్స్ (ఎంత జూమ్ చేసినా వంకరలు తీరని ఆకారాలు) లెక్క నేర్చుకుందామని పైథాన్‌ల మాండెల్‌బ్రాట్ సెట్ గీస్తున్న. ఒక్కో సీ బిందువుకు జెడ్² + సీ, సున్నాతో మొదలు, 100 సార్లు; అప్పటికీ బయటపడకుంటే నలుపు. జెడ్ మాడ్యులస్ (సున్నా నుంచి దూరం) 2 దాటంగనే ఆపాలంటరు, 2నే ఎందుకు? బొమ్మల పెద్ద గుండెకాయ ఆకారానికి, దాని ఎడమ గుండ్రానికి మధ్యల సందు జూమ్ చేస్తే అంతా నలుపే. ఇంటర్ 2ఏ కాంప్లెక్స్ నంబర్స్ వరకే వచ్చు.

గళ్లకాగితం: 2ఏ చాలు తమ్మీ. జెడ్ మాడ్యులస్ ఆర్ అనుకో. ఆర్ 2 దాటింది, సీ మాడ్యులస్ ఆర్‌ను మించలేదు. త్రిభుజ అసమానత ప్రకారం తర్వాతి విలువ కనీసం ఆర్(ఆర్ − 1). బ్రాకెట్‌లోది 1 కన్నా పెద్దది, కాబట్టి ప్రతిసారీ పెరుగుడే. సీయే 2 దాటితే? మొదటి మెట్టులో జెడ్ = సీ, అదే వాదన నడుస్తది. ప్రోగ్రాంల వర్గమూలం తీయకు, ఎక్స్² + వై² 4 దాటిందా చూడు.

నలుపుకు కారణం నీ 100. ఆ రెండూ తాకే చోటు −0.75. సీ = −0.75 + 0.01ఐ దగ్గర బయటపడనీకి దాదాపు 315 సార్లు పడతది, 0.001ఐ అయితే 3143. అంకెలు చూసినవా? పై (π)! ఎందుకో తేలిగ్గా పట్టాలంటే కుడి కొనకు, 0.25 దగ్గరికి పో. సీ = 0.25 + ఈ (e, చిన్న సంఖ్య), జెడ్ = 0.5 + డబ్ల్యూ పెడితే ఒక్కో మెట్టుకు మార్పు డబ్ల్యూ² + ఈ. దాన్ని 2బీ ఇంటిగ్రేషన్ లెక్క చెయ్యి, మెట్ల సంఖ్య సుమారు పై భాగించు రూట్ ఈ (π/√e) వస్తది.

నర్సంపేట: కొత్త ఎక్స్ రాసేసి దాంతోనే 2ఎక్స్‌వై లెక్కేస్తలేవు కదా? పాతది దాచిపెట్టు, లేకుంటే బొమ్మే వంకర. జూమ్ 10¹³ దాటినంక ఫ్లోట్‌ల (పైథాన్ దశాంశ సంఖ్యల) 16 అంకెలు సరిపోవు, గళ్లుగళ్లయితది.

ఫ్రాక్టల్ డైమెన్షన్ (గీత ఎంత వంకరో చెప్పే అంకె) నేర్వనీకి కోచ్ వక్రం (ప్రతి గీత నడిమి మూడో వంతుల మొన లేపుకుంట పోయేది) పట్టు: మూడో వంతు సైజువి 4 ముక్కలు, లాగ్ 4 భాగించు లాగ్ 3, అంటే 1.26. తర్వాత పాకాల చెరువు ఒడ్డును మ్యాప్ మీద 400, 200, 100, 50 మీటర్ల గళ్లు పరిచి, ఒడ్డు తాకే గళ్లు లెక్కపెట్టి, గళ్ల సంఖ్యకు, గడి సైజుకు లాగ్ గ్రాఫ్ గీసి వాలు తియ్యి. కట్టను కలపకు, అది నున్నటి గీత, 1 వైపు గుంజుతది. పిక్సెల్ కన్నా చిన్న గడి పెడితే కూడా అంతే.

హన్మకొండ బీఎస్సీ: 1000 పెట్టిన, సందు తెరుచుకుంది. కానీ బాగా స్లో అన్నా.

గళ్లకాగితం: సమయమంతా లోపలి బిందువులే తింటయ్. సీ + 1 మాడ్యులస్ 0.25 లోపుంటే ఎడమ గుండ్రం. 1 − √(1 − 4సీ) మాడ్యులస్ 1 లోపుంటే గుండెకాయ. రెండింటికీ లూప్ దండగ, నేరుగా నలుపెయ్యి.