షర్బత్‌కు వాడే నన్నారి గడ్డకు ముప్పు ఎంత? తీగలు లెక్కపెడితే తెలుస్తుందా?

కొండదారి:
నిన్న ఇక్కడ ఒక సార్ “మా కొండల్లో నన్నారి తీగలు కావలసినన్ని ఉన్నాయి, దొంగతవ్వకాల వల్ల వచ్చే నష్టమేం లేదు” అని రాశారు. నేను ఒప్పుకోను. పోయిన ఆదివారం కడప జిల్లాలో ఒక గుట్ట ఎక్కాను. (ఏ గుట్టో చెప్పను. చెబితే రేపే గడ్డపారలు వస్తాయి.) బండల సందులో మోకాలిలోతు గుంత. అందులో వేరుముక్క కూడా మిగల్లేదు. పక్కన కలేకాయల పొద మీద తీగ మాత్రం అల్లుకునే ఉంది, ఆకులు వడిలి వేలాడుతున్నాయి. దూరం నుంచి లెక్కపెట్టేవాళ్లు దాన్నీ ఒక మొక్క కిందే రాసుకుంటారు.

ఆకో కాయో కోస్తే మళ్లీ వస్తుంది. ఇక్కడ బజారుకు కావలసింది గడ్డ, మొక్క బతికేదీ ఆ గడ్డతోనే. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ (ఐయూసీఎన్) ఎర్ర జాబితాలో దీన్ని అంతరించే ప్రమాదమున్న మొక్కల్లో చేర్చారు.

బోటనీ మాస్టారు:
అలా రాసింది నేనేనండీ. ఒక్క గుంత చూసి కొండంతా పోయిందంటే ఎలా? పైగా నన్నారి పేరుతో అమ్మేవి రెండు. సుగంధిపాలకు సన్నటి వేరు, ఆకు నడుమ తెల్లచార, పొలం గట్ల మీద కూడా కనబడుతుంది. మీరు చెప్పేది శాస్త్రీయ నామంలో డెకాలెపిస్ హామిల్టోని అనే తీగ. కండగల లావు గడ్డలు, రాతి కొండల్లో పెరుగుతుంది. షర్బత్ సీసా మీద రెండింటికీ ఒకటే పేరు కాబట్టి వ్యాపారుల తూకాలు చూసి ఏదీ తేల్చలేం. ముందు కొండ మీద సరైన లెక్క ఉండాలి.

అడవిపల్లె:
అన్నా, ‘దొంగతవ్వకం’ అన్న మాట చదివి బాధేసింది. మేము యానాదులం. మా నాయన ఒక తీగ మొదలు దగ్గర రెండు మూడు గడ్డలు తీసి, తల్లివేరు వదిలి, మట్టి కప్పి కాలితో తొక్కి వచ్చేవాడు. నాలుగైదేళ్ల దాకా మళ్లీ ఆ మొదలు జోలికి పోయేవాడు కాదు. 2006 అటవీ హక్కుల చట్టంలో గిరిజనులు సేకరించే ఉత్పత్తుల్లో వేర్లు, దుంపలు అని మాటతో సహా రాసి ఉంది. మా ఊరికి ఆ హక్కు కాగితం ఇంకా రాలేదు. బుట్టతో కనబడితే కేసు పెడతారని టెన్షన్. ఆ భయంతో ఇప్పటి పిల్లలు ఆదరాబాదరాగా మొత్తం పెరికి పరిగెత్తుకొస్తున్నారు. గుంత పూడ్చే టైం ఎక్కడిది? బయటి నుంచి బండ్లేసుకొచ్చేవాళ్లకైతే ఆ పట్టింపే లేదు.

కొండదారి:
చెల్లీ, భయం వల్లే గుంత తెరిచి ఉండిపోతుందని నాకు తట్టనేలేదు. ఆ మాట వాడినందుకు క్షమించు. మాస్టారూ, మీ లెక్క వద్దనడం లేదు, దాంతో పాటు గుంతలనూ చూడమంటున్నాను. పూడ్చారా, తల్లివేరు ఉందా? అది విత్తనం రాలే లోపు తవ్విందా, తర్వాతా? జంటకాయలు పగిలి, పట్టుకుచ్చుల గింజలు గాలికి ఎగిరాక తవ్వితే కొన్నయినా మొలుస్తాయి. సంతకొచ్చే గడ్డల లావు కూడా చూడండి. ఏటేటా సన్నబడుతుంటే ముదురు మొక్కలు అయిపోతున్నట్టే.

బోటనీ మాస్టారు:
వడిలిన తీగ సంగతి నిజమే. మా విద్యార్థులతో చేయించిన లెక్కలో ఏ తీగ మొదలూ వంగి చూడలేదు. అది నా పొరపాటు. కానీ దీన్ని బట్టి తవ్వకాన్ని పూర్తిగా నిషేధించాలంటే మాత్రం నేను ఒప్పుకోను. తోటల్లో వేయించాలంటారా, మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సీఎఫ్‌టీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు దీని టిష్యూకల్చర్ (మొక్క ముక్క నుంచి ల్యాబులో కొత్త మొక్కలు పెంచడం) మీద ఎప్పటి నుంచో పనిచేశారు. గడ్డ ఊరడానికి ఏళ్లు పడుతుంది, కొండ సరుకు ఊరికే దొరుకుతుంటే ఏ రైతు ఓపిక పడతాడు?

అడవిపల్లె:
సార్, ఈసారి పిల్లల్ని తీసుకొస్తే మా నాయనను పంపిస్తాను. గుంత చూసి తెలిసినవాడు తవ్వాడో, తెలియనివాడు తవ్వాడో చెప్తాడు. మీ కాగితాల్లో గుట్ట పేరు, ఆయన పేరు మాత్రం రాయొద్దు.