కార్బురేటర్ బండి మైలేజీ పడిపోతే కార్బురేటరే మార్చాలా?

ఎర్ర మారుతి:
నాది 1996 మారుతి 800, పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపే పని కార్బురేటర్‌దే. రోజూ మల్కాజిగిరి నుంచి లక్డీకాపూల్‌కు వెళ్లి వస్తాను. మొన్న సంక్రాంతి దాకా లీటరుకు 16 కిలోమీటర్లకు తగ్గేది కాదు. ఇప్పుడు 11. మా వీధి మెకానిక్ బానెట్ ఎత్తి, ఎయిర్ ఫిల్టర్ మూత కూడా తీయకుండానే "కార్బురేటర్ పోయింది సార్, కొత్తది వేసేద్దాం" అన్నాడు. మా బావ మాత్రం, తప్పంతా 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుదే, బండి మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వకు అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

పద్మినీ ప్రియుడు:
మీ బావగారికే నా ఓటు. ఇథనాల్ లీటరుకు ఇచ్చే శక్తి పెట్రోలు కన్నా ఇంచుమించు మూడో వంతు తక్కువ. పైగా పాత రబ్బరు దానికి ఓర్చుకోలేదు. నా పద్మినీలో పెట్రోలు గొట్టం ఉబ్బి వేలితో నొక్కితే జిగురుగా తగిలింది. పెట్రోలు పంపు రబ్బరు పొర (డయాఫ్రం) ఏడాదిలో రెండుసార్లు మార్చాను. కార్బురేటర్ పాపం ఏం చేసింది?

లెక్కల మాస్టారు:
మూడో వంతు తక్కువన్నది వట్టి ఇథనాల్‌కు. ట్యాంకులో ఉన్న ఇథనాల్ అయిదో వంతే. అయిదో వంతులో మూడో వంతు అంటే నూటికి ఆరో ఏడో. నీతి ఆయోగ్ 2021లో ఇచ్చిన నివేదికలో కూడా, ఇథనాల్ లేని పెట్రోలు కోసం తయారై 10 శాతానికి సర్దిన కార్లకు 6 నుంచి 7 శాతం నష్టం అనే ఉంది. ఆ లెక్కన 16 కాస్తా 15 అవుతుంది. బావగారు ఒక్క కిలోమీటరుకు జవాబు చెప్పారు. మిగతా నాలుగు ఎటు పోయాయి?

అసలు ఈ 11 ఎలా వచ్చిందో కూడా చెప్పండి. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, గన్ను తనంతట తాను ఆగేదాకా నింపి కనీసం మూడు ట్యాంకులు చూశారా? మీటరు కేబుల్ బాగుందా? ఫోనులో దూరం పెట్టుకుని ఒకసారి సరిచూడండి. మీటరు తక్కువ చూపిస్తుంటే మైలేజీ పడిపోయినట్టే కనిపిస్తుంది.

రాణీగంజ్ షెడ్డు:
ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. కార్బురేటర్‌ను మరీ అంత అమాయకురాలిని చేయకండి. పెట్రోలు నిలిచే ఫ్లోట్ గదిలోని నీడిల్ వాల్వు అరిగితే పెట్రోలు మట్టం పెరుగుతుంది. ఎయిర్ ఫిల్టర్ తీసి, ఇంజను స్లోలో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఉండగా కార్బురేటర్ గొంతులోకి టార్చి వేసి చూడండి. మెయిన్ నాజిల్ కొసన చుక్కలు కారుతుంటే దోషి దొరికినట్టే. అది కాకపోతే, చల్లటి ఇంజను స్టార్ట్ కావడానికి గాలి తగ్గించే చోక్. డ్యాష్‌బోర్డు నాబ్ పూర్తిగా లోపలికి వెళ్లినా, కేబుల్ బిగుసుకుని లోపలి రేకు సగం మూసుకునే ఉండిపోతుంది. పెట్రోలును కొలిచి వదిలే జెట్టును తీగ పెట్టి పొడిచి శుభ్రం చేసే మహానుభావులు ఇంకొక రకం. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైతే మళ్లీ చిన్నది కాదు. ఇవేవీ చూడకుండా కొత్తది వేద్దామన్న మీ మెకానిక్‌తో నేనూ ఏకీభవించను. కానీ ముందు చూడాల్సింది అక్కడే.

ఎర్ర మారుతి:
మూడు ట్యాంకులు చూశాను మాస్టారూ, 11 దాటలేదు. ఫోనులో దూరం సరిపోయింది. చుక్కలు కారడం లేదు, చోక్ రేకు నిలువుగానే ఉంది. పోయిన వారం తీసుకున్న కాలుష్య పరీక్ష చీటీలో కార్బన్ మోనాక్సైడ్ 1.2 శాతం. మా బండికి పరిమితి 3.

లెక్కల మాస్టారు:
ఫ్లోట్ పొంగుతుంటే ఆ అంకె అంత తక్కువ రాదు. కార్బురేటర్‌కు బెయిలు ఇవ్వవచ్చు.

రాణీగంజ్ షెడ్డు:
ఆ పరీక్ష బండి నిలబెట్టి స్లోలో చేసేది. స్లో జెట్టు సంగతి చెబుతుంది గానీ, రోడ్డు మీద పనిచేసే మెయిన్ జెట్టు సంగతి దానికేం తెలుసు? బెయిలు ఇవ్వండి, కేసు కొట్టేయకండి.

లెక్కల మాస్టారు:
ఒప్పుకుంటాను. అయితే మెయిన్ జెట్టు ఒక్క పండగలో అరిగిపోదు, ఇథనాల్ కూడా భోగి నాడు హఠాత్తుగా ఊడిపడలేదు. అసలు సంక్రాంతికి బండికి ఏమైంది?

ఎర్ర మారుతి:
ఊరికి తీసుకెళ్లాను. ఇంటి ముందు వాలు కాబట్టి హ్యాండ్‌బ్రేకు లాగి అయిదు రోజులు ఉంచాను. తిరుగు ప్రయాణంలో సూర్యాపేట దాటాక ఇంజను వేడెక్కింది. దారిలో ఒక షెడ్డులో ఫ్యాను బాగుచేసి, "ఈ వాల్వు మన ఎండలకు అక్కర్లేదు" అని ఏదో తీసి చేతిలో పెట్టారు. డిక్కీలోనే ఉంది.

లెక్కల మాస్టారు:
అది థర్మోస్టాట్! ఇంజను వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు వదలని వాల్వు. పొద్దున్నే చల్లటి ఇంజను స్టార్ట్ చేసి, ఫ్యాను రెక్కలకు దూరంగా, రేడియేటర్ పై గొట్టం పట్టుకుని చూడండి. థర్మోస్టాట్ ఉన్న బండిలో అది కాసేపు చల్లగానే ఉండి ఒక్కసారిగా కాలుతుంది. మీకు మొదటి నిమిషం నుంచే గోరువెచ్చబడుతుంది. ఇంజను చల్లగా ఉంటే పెట్రోలు సరిగా ఆవిరి కాక ఇంజనులోకి వెళ్లే గొట్టం (మానిఫోల్డు) గోడలకు చెమటలా పడుతుంది. బండి కుదుపులిస్తుంది, మీరు చోక్ లాగుతారు.

బోయినపల్లి అంబాసిడర్:
మాస్టారు గారి పాఠం చలిదేశాలకు. నా అంబాసిడర్‌లో 1989 నుంచి ఆ వాల్వు లేదు. 42 డిగ్రీల ఎండలో ఇంజనుకు చలేమిటండీ? బండి ఇప్పటికీ రాయిలా తిరుగుతోంది.

లెక్కల మాస్టారు:
ఇంజను హాయిగా పనిచేసేది 80 దాటాక. దానికి మన మే నెల కూడా పుష్య మాసమే. అది సరే, మీ బండి లీటరుకు ఎంత ఇస్తోంది?

బోయినపల్లి అంబాసిడర్:
ఎనిమిది. అది దాని స్వభావం.

రాణీగంజ్ షెడ్డు:
థర్మోస్టాట్ తీయడం తప్పే, మా వాళ్లలో చాలామంది చేస్తారు. కానీ అయిదు రోజులు లాగి ఉంచిన హ్యాండ్‌బ్రేకు మాటే నన్ను గుచ్చుతోంది. పాత కేబుల్ తుప్పుకు బిగుసుకుంటే లివరు దింపినా డ్రమ్ములోని బ్రేకు షూ వెనక్కి రాదు. ఖాళీ రోడ్డు మీద బ్రేకు పెద్దగా వాడకుండా నాలుగైదు కిలోమీటర్లు పోనిచ్చి, వెనక రిమ్ములకు ముంజేతి వెనకభాగం దగ్గరగా పెట్టి చూడండి. ముట్టుకోకండి.

ఎర్ర మారుతి:
ఆదివారం తెల్లవారుజామున చూశాను. వెనక ఎడమ రిమ్ము చల్లగా ఉంది. కుడి రిమ్ముకు జానెడు దూరంలోనే సెగ తగిలింది. న్యూట్రల్‌లో పెట్టి తోస్తే బండి రెండడుగులు వేసి ఆగిపోయింది, ఒకప్పుడు మా అబ్బాయి ఒక్కడే తోసేసేవాడు. డ్రమ్ము విప్పితే షూ ఒక పక్క నల్లగా మెరుస్తోంది. కేబుల్ కొత్తది, థర్మోస్టాట్ కొత్తది వేయించాను. రెండు ట్యాంకులు చూశాను, 14.5 ఇచ్చింది. కార్బురేటర్ మీద స్క్రూడ్రైవర్ పెట్టనివ్వలేదు.

పద్మినీ ప్రియుడు:
16కు 14.5! ఆ లోటు నా ఇథనాల్‌దే. బావగారికి చెప్పండి.

లెక్కల మాస్టారు:
అందులో ఒకటి మీదే, కాదనను. ఇంకో అర కిలోమీటరు మిగిలింది.

రాణీగంజ్ షెడ్డు:
ఆ అర నాది. వచ్చే ఆదివారం బండి తీసుకురండి సార్. విప్పను, మెయిన్ జెట్టు మీది సైజు నంబరు చూస్తాను, అంతే.