వెండి రూపాయల మీద సరాఫు (వెండి బంగారాల వ్యాపారి) పరీక్షకు కొట్టిన గుద్దులుంటే ధర ఎంత తగ్గుతది?

ప్రశ్న (దేవరకొండ): హాలీ సిక్కా (నిజాం సర్కారు నాణెం) చార్మినార్ రూపాయలు 4, విక్టోరియా కల్దార్లు (ఇంగ్లీషోళ్ల రూపాయలు) 2 ఉన్నయ్. మూడింటి మీద చిన్న గుద్దులున్నయ్, ఒకదానికి చిల్లి. సేకరణదారులు తీసుకుంటరా, లేక వెండి లెక్కేనా?

జవాబు 1: అన్నా, గుద్దు వేరు, చిల్లి వేరు. అసలు వెండేనా అని చూసేటందుకు సరాఫులు గుద్దేటోళ్లు. దాంతో వెండి పోదు, అందం పోతది. చిల్లితో బరువూ పోతది, అందుకే ధర బాగా పడుతది. గుద్దు యాడ పడ్డదో చూడు: ఖాళీ జాగల ఉంటే కొంత నయం, రాణి ముఖం మీదనో తారీఖు మీదనో పడితే నష్టం ఎక్కువ. చార్మినార్ రూపాయిల దర్వాజా నడుమ ఉర్దూ అక్షరం ముఖ్యం. మీమ్ అయితే నిజాం మహబూబ్ అలీ ఖాన్ నాటిది, ఐన్ అయితే నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ నాటిది. అది చెడితే కొనేటోడు వెనకాడుతడు.

జవాబు 2: మామూలు సాలుదైతే గుద్దున్న నాణెం వెండి ధరకు దగ్గర్లనే పోతది. కల్దార్ 11.66 గ్రాములు, 91.7 శాతం, అంటే అసలు వెండి సుమారు 10.7 గ్రాములు. హాలీ 11.18 గ్రాములు, 81.8 శాతం, సుమారు 9.15. చార్మినార్ బొమ్మ రాకముందు సమ్మెటతో కొట్టిన హాలీ రూపాయల మీద మాత్రం గుద్దులు మామూలే, వాటికి అంత కోత పెట్టరు.

జవాబు 3: గుద్దు లోపల భూతద్దంతో చూడండి. ఎర్రగ రాగి కనబడితే పూత నాణెం. గుంత ఒక్కటే తళతళలాడితే కొత్తగ కొట్టింది. తోమేటందుకు చింతపండు, పళ్లపొడి అసలే పెట్టొద్దు. గుద్దు కన్నా తోమితే పడే గీతలతోనే ఎక్కువ నష్టం. చిల్లిని టంకంతో పూడ్పించొద్దు.