దేవుని ప్రత్యక్షతను నమ్మడమంటే ఆలోచించడం మానుకోవడమా?

ప్రశ్న – సండే స్కూల్ టీచర్

అందరికీ ప్రభువు నామమున వందనములు. మా సంఘంలో ప్రతి ఆదివారం ఆరాధన ముగిసిన తర్వాత యౌవనస్థులకు ఒక గంటసేపు బైబిలు తరగతి నడిపిస్తున్నాను. ఈ నెలలో అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదలుపెట్టాం. రెండో అధ్యాయం 14వ వచనంలో, ప్రకృతి సంబంధియైన మనుష్యుడు దేవుని ఆత్మ విషయాలను అంగీకరించడని, అవి అతనికి వెర్రితనంగా ఉంటాయని చదవగానే, సివిల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్న ఒక అబ్బాయి లేచి నిలబడి, "టీచరుగారూ, దేవుడు బయలుపరిస్తేనే తెలుస్తుందంటే మనం ఇంత చదవడం దేనికి? ప్రశ్న అడగడమే అవిశ్వాసమా?" అని అడిగాడు. ఆ మాటలో ఎగతాళి లేదు, అతని కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అంతకుముందు ఒక ఉపవాస ప్రార్థన కూటంలో, బయటి నుంచి వచ్చిన ప్రసంగీకుడు చెప్పిన ఒక విషయం ఏ వాక్యంలో ఉందని ఇతడు మర్యాదగానే అడిగితే, "నీ బుర్ర పక్కన పెట్టు, నాకు దేవుడు చూపించాడు" అని ఆయన అందరి ముందూ గద్దించారట.

నేను ఆ క్షణంలో ఏమీ తోచక, "ప్రార్థన చేసుకుందాం" అని తరగతి ముగించేశాను. అలా ముగించినందుకు నాకే తృప్తి లేదు. "నీ స్వబుద్ధిని ఆధారము చేసికొనక నీ పూర్ణహృదయముతో యెహోవాయందు నమ్మకముంచుము" అన్న సామెతల మూడో అధ్యాయపు వాక్యాన్ని మా నాన్నగారు ఇంటి గుమ్మం మీద రంగులతో రాయించారు. దాని కింద నుంచి నడుస్తూనే నేను డిగ్రీ చదివాను, ఆ రెంటికీ పొత్తు కుదరదని ఎన్నడూ అనుకోలేదు. కానీ ఎలా కుదురుతుందో ఆ అబ్బాయికి చెప్పలేకపోయాను. పౌలు కాదన్న మనుష్య జ్ఞానం ఏది? ఒకరు "దేవుడు నాకు చూపించాడు" అన్నప్పుడు మనం ఏమి చేయాలి? పెద్దలు దయచేసి వివరించగలరు.

సమాధానం – పల్లె సంఘ కాపరి

అమ్మా, వందనములు. ఆ అబ్బాయి ప్రశ్న పౌలు పత్రికకు విరుద్ధమైనది కాదు, ఆ పత్రికలోనే దానికి జవాబు ఉంది. ముందు కొరింథు ఎలాంటి పట్టణమో చూడాలి. క్రీస్తుపూర్వం 146లో రోమీయులు ఆ పట్టణాన్ని నేలమట్టం చేశారు. దాదాపు వందేళ్ళ తర్వాత, 44లో, జూలియస్ సీజరు దాన్ని తిరిగి కట్టించాడు. ఓడరేవుల మధ్య వ్యాపారంతో త్వరగా ఎదిగిన ఆ ఊరిలో మనిషి విలువను అతని డబ్బు, అతని పోషకులు, అతని వాక్చాతుర్యం చూసి కట్టేవారు. ఆ అలవాటే సంఘంలోకి కూడా వచ్చి, "నేను పౌలువాడను, నేను అపొల్లోవాడను" అని విశ్వాసులు పక్షాలుగా చీలిపోయారు. పౌలు మనుష్య జ్ఞానమని పేరుపెట్టి కాదంటున్నది ఈ కొలమానాన్నే. ఎవరు బాగా మాట్లాడితే వారిదే సత్యం, ఎవరు గెలిచినట్టు కనబడితే వారితోనే దేవుడున్నాడు అనే లెక్క అది.

ఆ లెక్క ఎక్కడ తప్పిందో ఆయన రెండో అధ్యాయం 8వ వచనంలో చూపుతాడు. ఈ లోకాధికారులకు దేవుని జ్ఞానం తెలిసి ఉంటే మహిమా స్వరూపియగు ప్రభువును సిలువ వేసేవారు కారని అంటాడు. యేసును విచారించినవారు తెలివితక్కువవారు కారన్న సంగతి గమనించండి. ఒకవైపు ధర్మశాస్త్రాన్ని కంఠతా చదివిన పెద్దలు, మరోవైపు న్యాయవ్యవస్థకు పేరుపొందిన రోమా అధిపతి ఉన్నారు. అంత జ్ఞానం ఒకచోట చేరి, దేవుడు తమ ఎదుట నిలబడితే గుర్తుపట్టలేక, బానిసలకూ తిరుగుబాటుదారులకూ వేసే శిక్ష ఆయనకు వేసింది. అందుకే "దేవుని వెఱ్ఱితనము మనుష్యజ్ఞానముకంటె జ్ఞానముగలది" అని పౌలు రాశాడు.

ఇక ప్రత్యక్షత, అంటే దేవుడు తానే బయలుపరచడం అన్న మాట. ఒక మనిషి మనసులోని సంగతులు అతనిలోని ఆత్మకే తెలుసు, అలాగే దేవుని సంగతులు దేవుని ఆత్మకే తెలుసునని 11వ వచనంలో ఉంది. మన ఇంట్లో మనకు ఎదురుగా కూర్చున్న మనిషి ఎత్తు, రంగు, వయసు మనం చూసి చెప్పగలం, కానీ అతని మనసులో మన మీద కోపం ఉందో ప్రేమ ఉందో అతడు నోరు తెరిచి చెబితేనే తెలుస్తుంది. దేవుడు నన్ను క్షమిస్తాడా అన్న ప్రశ్న అటువంటిది. దాన్ని ఏ పరిశోధనశాలలోనూ తేల్చలేం, ఆయనే చెప్పాలి. ఇది పౌలు చేసిన వాదన అన్నది కూడా ఆ అబ్బాయికి చూపించండి. ప్రత్యక్షత ఎందుకు అవసరమో ఆయన పోలిక చెప్పి, కారణం చూపి, తర్కించి వివరించాడు.

రాజుల రెండో గ్రంథం ఐదో అధ్యాయంలో, కుష్ఠరోగం బాగుచేయించుకోవడానికి ఎలీషా ప్రవక్త దగ్గరికి వచ్చిన సిరియా సేనాధిపతి నయమాను సంగతి కూడా చదివించండి. ప్రవక్త బయటికి వచ్చి, నిలబడి, చెయ్యి ఆడించి బాగుచేస్తాడని అతడు ముందే అనుకున్నాడు. యొర్దాను కంటే దమస్కు నదులే మేలని వాదించి, కోపంతో తిరిగి వెళ్ళబోయాడు. అప్పుడు అతని దాసులు దగ్గరికి వచ్చి, ప్రవక్త ఏదైనా గొప్ప కార్యం చేయమని ఉంటే నీవు చేయకుండా ఉంటావా, స్నానం చేసి శుద్ధుడవు కమ్మన్న చిన్న మాట వినకూడదా అని నచ్చజెప్పారు. వాక్యాన్ని నిలదీసినదీ ఆలోచనే, ఆ వాక్యానికి లోబడేటట్టు చేసినదీ ఆలోచనే. మొదటిది యజమాని స్థానంలో కూర్చుంది, రెండోది దాసుల నోట వచ్చింది. ఏథెన్సులో తత్త్వవేత్తల పద్ధతిలో మాట్లాడి ఫలితం చూడని పౌలు, కొరింథు చేరేసరికి ఆ మార్గం విడిచిపెట్టి సిలువను మాత్రమే ప్రకటించాడని నేను నమ్ముతున్నాను.

సమాధానం – ఒంగోలు వాస్తవ్యుడు

కాపరిగారు చెప్పినది నిజం. నేను అదే పత్రిక మొదటి అధ్యాయం మా నేల మీద ఎలా నిజమయిందో చెబుతాను. చర్చ దీనికి దూరం పోకూడదని నా కోరిక.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. అగ్రవర్ణాల పెద్దలు తమ పిల్లలను ఆయన బడికి పంపారు. పై కులాలవారు ముందు నమ్మితే కిందివారు వాళ్ళ వెనుకే వస్తారని అప్పట్లో చాలామంది అనుకునేవారు, అది వివేకంగానే కనబడేది. అదే కాలంలో మాదిగ పల్లెల నుంచి మనుషులు రావడం మొదలయింది. వారిలో మొదటివాడు యర్రగుంట్ల పేరయ్య. ఆయన తోళ్ళ వ్యాపారి, అంతకుముందు యోగ మార్గంలో గురువుల దగ్గర దేవుని కోసం వెదికినవాడు. వీళ్ళను చేర్చుకుంటే మా పిల్లలను మాన్పిస్తామని ఆ పెద్దలు స్పష్టంగా చెప్పారు. క్లౌ ఒక గదిలో, ఆయన భార్య మరో గదిలో వేర్వేరుగా ప్రార్థించి బైబిలు తెరిస్తే, ఇద్దరికీ ఒకే భాగం ఎదురయిందని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. అది మొదటి కొరింథీ మొదటి అధ్యాయం 26వ వచనం. "సహోదరులారా, మిమ్మును పిలిచిన పిలుపును చూడుడి. మీలో లోకరీతిని జ్ఞానులైనను, ఘనులైనను, గొప్పవంశమువారైనను అనేకులు పిలువబడలేదు." ఆయన మాదిగలను చేర్చుకున్నాడు, ఆ పెద్దల పిల్లలు బడి మానేశారు.

మా ముత్తాతలు ఆ పల్లెలవారే. తరతరాలుగా చదువు వినకూడదన్న చెవులతో వాళ్ళు ఆ వచనాన్ని విన్నారు. లోకజ్ఞానం వాళ్ళను ఎక్కడ నిలబెట్టిందో వాళ్ళకు ఒకరు వివరించి చెప్పనవసరం లేదు, ఊరి బావి చూస్తే చాలు. అందుచేత మా ఇంట్లో ప్రత్యక్షత అన్న మాటకు ఆలోచన మానుకోమన్న అర్థం ఎన్నడూ రాలేదు. దేవుడు నిన్ను గురించి ఏమనుకుంటున్నాడో ఊరి పెద్దలను అడిగి తెలుసుకోనక్కరలేదు, ఆయనే చెప్పాడు అన్నదే దాని అర్థం. ఆ మాట నమ్మిన తర్వాతనే మా వాళ్ళు పలకా బలపం పట్టారు.

ఆ అబ్బాయి సివిల్ చదువుతున్నాడు గనుక ఇది కూడా చెప్పండి. 1876 నుంచి 1878 వరకు వచ్చిన పెద్ద కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో సుమారు 3 మైళ్ళ పని కాంట్రాక్టుకు తీసుకుని, వేలమందికి కూలి దొరికేటట్టు చేశాడు. ఆయన యౌవనంలో సర్వే పని నేర్చినవాడు, ఆ విద్య ఇక్కడ ఆకలి తీర్చడానికి పనికివచ్చింది. మట్టి కొలతలు, కూలి లెక్కలు బైబిలు తెరిస్తే బయటపడేవి కావు, వాటిని నేర్చుకోవలసిందే. కానీ కరువు సాయం ఆశించి వస్తున్నారేమోనన్న భయంతో ఆ రోజుల్లో ఆయన బాప్తిస్మాలు ఆపివేశాడు. అది కూడా వివేచనే. సాయం ముగిశాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

సమాధానం – విశ్రాంత లెక్కల మాస్టరు

ముందుగా, కాపరిగారి మీద గౌరవంతోనే ఒక్క విషయంలో విభేదిస్తున్నాను. ఏథెన్సులో పౌలు పొరపాటు చేశాడని నేను అనుకోను. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయంలో ఆయన వాళ్ళ కవుల మాటను ఉదాహరించినా, ప్రసంగాన్ని ముగించింది మృతుల పునరుత్థానంతోనే. ఏ తత్త్వవేత్తకూ రుచించని ఆ మాటను ఆయన దాచలేదు. వినినవారిలో దియొనూసి, దమరి అనే స్త్రీ, మరికొందరు నమ్మారని లూకా రాశాడు. వారి భాషలో మొదలుపెట్టి, వారు ఊహించలేని చోటికి తీసుకువెళ్ళాడు. మన పిల్లలతో మనమూ అదే చేయాలని నా అభిప్రాయం.

టీచరుగారు అడిగిన రెండో ప్రశ్నకు, అంటే ఒకరు "దేవుడు చూపించాడు" అన్నప్పుడు ఏమి చేయాలన్న దానికి, నేను నా ఇంట్లో జరిగినది చెబుతాను. కొన్నేళ్ళ క్రితం మా ఊరికి వచ్చిన ఒక ప్రసంగీకుడు నా భార్య తలమీద చెయ్యి పెట్టి, ఇక బీపీ మాత్రలు అవసరం లేదని ప్రభువు తనకు చూపించాడని చెప్పాడు. ఆమె ఆ మాట నమ్మి, మాత్రల షీటును తీసుకువెళ్ళి బైబిలులో కీర్తనల మధ్య పెట్టి మూసేసింది. పదో రోజున కళ్ళు తిరిగి వంటింట్లో పడిపోయింది. మా కాపరి వచ్చి ఆమెను మందలించలేదు. మంచం పక్కన కూర్చుని, ఆ బైబిలే తీసి, పౌలు తిమోతికి కడుపుజబ్బు నిమిత్తం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని రాసిన భాగం చదివి, లూకాను "ప్రియుడైన వైద్యుడు" అని పౌలు పిలిచిన చోటు చూపించి, కీర్తనల మధ్య ఉన్న షీటు తీసి ఆమె చేతిలో పెట్టారు. ఆ ప్రసంగీకుడు మాట్లాడినది దేవుని పేరుతో, కాపరి మాట్లాడినది దేవుని వాక్యంతో. ఈ రెంటి మధ్య తేడా ఆ రోజున నా కళ్ళారా చూశాను.

ఒక మనిషి తన మనసులో తోచినదానికి ప్రత్యక్షత అని పేరుపెట్టి, దాన్ని ఎవరూ ప్రశ్నించకూడదంటే, అక్కడ మనం నమ్ముతున్నది ఆ మనిషినే. పౌలు కాదన్న మనుష్య జ్ఞానం అదే, వేషం మార్చుకుని వచ్చింది. అపొస్తలుడైన పౌలు చెప్పిన మాటలనే బెరయ అనే పట్టణపువారు ప్రతిదినం లేఖనాలతో సరిచూస్తే, లూకా వాళ్ళను ఘనులన్నాడు. ప్రవక్తలు మాట్లాడినప్పుడు తక్కినవారు వివేచించాలని పౌలు ఇదే పత్రిక 14వ అధ్యాయంలో రాశాడు. "సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి" అని థెస్సలొనీకయులకు రాశాడు. పైనుండి వచ్చే జ్ఞానం మృదువైనదని, సులభంగా లోబడేదని యాకోబు అంటాడు. ఒక పిల్లవాడిని పదిమందిలో గద్దించి కూర్చోబెట్టే గుణం ఆ జాబితాలో లేదు. అతను అడిగినది బెరయవారు అడిగినదే, ఆ మాట ఎవరైనా పెద్దవారు అతనికి చెప్పాలి.

లెక్కల మనిషిని గనుక ఫ్రెంచి గణితవేత్త పాస్కల్‌ను తలచుకోకుండా ఉండలేను. పందొమ్మిదేళ్ళ వయసుకే లెక్కించే యంత్రం తయారుచేసే పని మొదలుపెట్టిన మేధావి ఆయన. 1654 నవంబరు 23 రాత్రి దాదాపు రెండు గంటలపాటు కలిగిన ఒక అనుభవాన్ని ఆయన ఒక కాగితం మీద రాసుకున్నాడు. అబ్రాహాము దేవుడు, ఇస్సాకు దేవుడు, యాకోబు దేవుడు, తత్త్వవేత్తల, పండితుల దేవుడు కాడు అన్న మాటలు అందులో ఉన్నాయి. దాన్ని కోటు లోపల కుట్టించుకుని ఎనిమిదేళ్ళు మోశాడు. 1662లో ఆయన చనిపోయాక సేవకుడికి ఆ కోటు లోపల దొరికేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఆ అనుభవాన్ని అడ్డుపెట్టుకుని ఆయన ఎవరి నోరూ మూయించలేదు, లెక్కలనూ పూర్తిగా విడిచిపెట్టలేదు. 1658లో చక్రాభం అనే వక్రరేఖ మీద గొప్ప పని చేశాడు. తన లెక్కలు తనను ఎంతదూరం తీసుకువెళ్ళగలవో, ఎక్కడ ఆగిపోతాయో ఆయనకు తెలుసు.

ప్రశ్న అడిగినవారు – సండే స్కూల్ టీచర్

అయ్యగార్లందరికీ వందనములు. ఆ అబ్బాయి నిన్న సాయంత్రం మా ఇంటికి వస్తే, మీరు రాసినవన్నీ ఇద్దరం వరండాలో కూర్చుని చదువుకున్నాం. బెరయవారి భాగం తనే బైబిలులో వెతికి తీసి, పెన్సిలుతో గీత గీసుకున్నాడు. కాలువ సంగతి దగ్గర ఆగి, ఆ 3 మైళ్ళు ఏ ఊరి నుంచి ఏ ఊరి దాకానో అని అడిగాడు. ఒంగోలు వాస్తవ్యులైన అయ్యగారు మీ పెద్దలను అడిగి తెలుపగలిగితే, వచ్చే సెలవుల్లో పిల్లలందరినీ తీసుకువెళ్ళి ఆ గట్టు మీద కూర్చుని మొదటి అధ్యాయం చదివిస్తాను.