"పర్యటన చేశారా" అని అడిగితే మన పక్క ఎవరికి ఎక్కుతుంది?

కడప నుంచి:
జాతీయ నమూనా సర్వే వాళ్ళు 2025 జులై నుంచి 2026 జూన్ దాకా దేశంలో జనం చేసే ప్రయాణాలు, వాటికయ్యే ఖర్చుల మీద సర్వే పెట్టుకున్నారు కదా, అందులో ట్రిప్ అనే మాటను మన సీమలో ఇంటి ముందర నిలబడి ఏమని అడగాలి అనేది నా ప్రశ్న. పర్యటన అనొద్దని నా గట్టి అభిప్రాయం. పర్యటన చేసేది మంత్రులు, క్రికెట్ జట్టు. ప్రొద్దుటూరులో ఒక అవ్వను "ఈ 30 రోజుల్లో పర్యటన చేశారా" అని అడగండి, "యాడికీ పోలేదు నాయనా" అంటాది, అప్పటికి కూతురింటికి పోయి నాలుగు రాత్రులు పండుకొని వచ్చింటాది. సర్వే లెక్కలో అది అచ్చమైన ట్రిప్పే, ఎందుకంటే మామూలుగా తిరిగే చోటు దాటి పోయింది, రాత్రి ఉండింది, కూలికో జీతానికో పోలేదు. యాత్ర అంటే గుళ్ళు గోపురాలే చెప్తారు, టూర్ అంటే ఊటీ. వేలూరు ఆస్పత్రి, పెళ్ళి చీరలకు ధర్మవరం, బంధువుల ఇంట్లో చావు, ఇవన్నీ జారిపోతాయి. 2014-15లో వీళ్ళే పెట్టిన ఇట్లాంటి సర్వేలో, అంటే 72వ రౌండులో (విడతలో), వైద్యం, షాపింగు, సరదా ప్రయాణాలకు 365 రోజులు వెనక్కి అడిగినారు, చుట్టాల ఇండ్లకు, గుళ్ళకు పోయినవాటికి 30 రోజులే. మాట తప్పుగా పడితే ఆ గడువులన్నీ ఉండి ఏం లాభం.

నేను చెప్పేది "ఊరికి పోయొచ్చినారా" అని. మనం ఇంట్లోనుంచి బయల్దేరేటప్పుడు "పోతా" అనం, అంటే పెద్దోళ్ళు కోప్పడతారు, "పోయొస్తా" అంటాం. ట్రిప్ నిర్వచనం కూడా అట్లే ఉంటుంది, ఇల్లు విడిచినకాడి నుంచి మళ్ళీ ఇంటికి చేరేదాకా అంతా కలిపి ఒకటి. కొండకు పోయి, ఆడ్నించి కాళహస్తి చూసుకొని వచ్చినా ఒక ట్రిప్పే, ముఖ్యమైన కారణం ఒకటే రాసుకుంటారు. వెళ్ళడం, తిరిగి రావడం రెండూ ఒకే క్రియలో ఇమిడిన మాట మన నోట్లోనే ఉన్నప్పుడు నిఘంటువు ఎందుకు తెరవాలి?

ఆదోని నుంచి:
అన్నా, మాట బాగుంది కానీ మా పక్క ఒక చిక్కుంది. కోసిగి, మంత్రాలయం వైపు ఊర్లకు ఊర్లు ఇండ్లకు తాళాలేసి, పిల్లోళ్ళను గూడా తీసుకొని మిరప కోతలకు గుంటూరు పక్క పోతారు. దాన్ని సుగ్గి అంటాం. కన్నడంలో సుగ్గి అంటే కోతల కాలం, పండగ సంబరం, మాకాడ అదే మాట వలస అయింది. వాళ్ళను మీరు "పోయొచ్చినారా" అంటే "సుగ్గికి పోయొచ్చినాం సార్" అనే చెప్తారు. కూలి అక్కడే ఇస్తారు కాబట్టి అది పర్యాటకం కాదు, కానీ రాసుకొనేటోడు బయటి జిల్లా పిల్లోడైతే, సుగ్గి అంటే ఏదో జాతర అనుకుని పుణ్యక్షేత్రాల కింద వేసేస్తాడు. పొట్టకూటికి పోయినోళ్ళను యాత్రికులని రాస్తే నాకు మనసు ఒప్పదు.

కడప నుంచి:
నిజమే తమ్ముడూ, ఇది చాలా ముఖ్యం. అట్లయితే "ఊరికి పోయొచ్చినారా" తర్వాత వెంటనే "ఏం పనిమీద, ఆడ కూలి ఏమన్నా ఇచ్చినారా" అని రెండో ప్రశ్న తప్పదు. సర్వేకు పోయేవాళ్ళకు సుగ్గి లాంటి మాటలు ముందే జిల్లావారీగా రాసివ్వాలి.

ఇంకొకటి మిగిలింది. తరచుగా పోయే చోటు, అంటే పనికి, బడికి, సంతకు తిరిగే చోటు ట్రిప్ కింద రాదు. పత్తి అమ్ముకోను మీ ఆదోని మార్కెట్‌కు మాటిమాటికీ వచ్చే రైతును "ఊరికి పోయొచ్చినావా" అంటే అవుననే చెప్తాడు. అట్లా తిరిగే చోట్లను "అలవాటైన పరిసరాలు" అంటే ఎవరికీ ఎక్కదు. "మీరు ఎప్పుడూ తిరిగే ఊర్లు కాకుండా" అంటే సరిపోతుందా? అనంతపురం వాళ్ళు, మీ పక్క దీన్ని ఏమంటారో చెప్పండి.