పాత బి450 మీద 5600 వేయాలా, ఏఎం5కి మారిపోవాలా?

గుణుపురం_వంశధార
అన్నలూ, ఒక సలహా కావాలి. నా సిస్టమ్ 2019లో కట్టించినది. ప్రాసెసర్ ఏఎండీ రైజెన్ 5 2600, బి450 మదర్‌బోర్డు (ఏఎం4 సాకెట్, అంటే ప్రాసెసర్ కూర్చునే గూడు), ర్యామ్ రెండు 8 జీబీ డీడీఆర్4 స్టిక్కులు. గ్రాఫిక్స్ కార్డు మాత్రం తర్వాత కొన్న ఆర్‌టీఎక్స్ 3060. మానిటర్ 1080పీ, 144 హెర్ట్జ్. సైబర్‌పంక్ ఆటలో జనం ఉన్న వీధిలోకి వెళ్తే ఫ్రేములు 50కి పడిపోతున్నాయి, అప్పుడు కార్డు వాడకం 60 శాతం దాటడం లేదు. చేతిలో 30 వేలు ఉన్నాయి. ఉన్న బోర్డులోనే రైజెన్ 5 5600 వేయనా, లేక కొత్త ఏఎం5 సాకెట్‌కి మారి రైజెన్ 5 7600తో బోర్డు, ర్యామ్ (డీడీఆర్5) మొత్తం మార్చేయనా? ఇక్కడి షాపాయన ఇంటెల్ 12400ఎఫ్ ప్రాసెసర్, బోర్డు కలిపిన కాంబో తీసుకోమంటున్నాడు.

మహేంద్రగిరి
5600 వేసెయ్ తమ్ముడూ. కార్డు ఖాళీగా కూర్చుంటోందంటే ప్రాసెసరే అందించలేకపోతోంది. 2600లో ఆరు కోర్లు మూడేసి చొప్పున రెండు గుంపులు, ఒక్కో గుంపుకి 8 ఎంబీ క్యాష్ (ప్రాసెసర్ లోపలుండే వేగమైన మెమరీ). 5600లో ఆరింటికీ కలిపి 32 ఎంబీ. ఆటల్లో తేడా వచ్చేది అక్కడే. ర్యామ్, బోర్డు, కూలర్ ఏదీ మార్చక్కర్లేదు. కొత్త ప్రాసెసర్‌ని బోర్డు గుర్తుపట్టాలంటే పాతది ఉండగానే బయోస్ (బోర్డులో ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి, తర్వాత కొత్తది పెట్టు. 5700ఎక్స్3డీ మంచి ధరకి దొరికితే ఇంకా మేలు, దానికి 96 ఎంబీ క్యాష్.

నాగావళి_రాయగడ
ఏఎం4 పని అయిపోయింది. ఏఎం5ని కనీసం 2027 దాకా కొనసాగిస్తామని ఏఎండీనే చెప్పింది. ఇప్పుడు పాత సాకెట్ మీద డబ్బు పెడితే రెండేళ్లకి మళ్లీ ఇదే ప్రశ్న అడుగుతావు. పైగా బయోస్ అప్‌డేట్ అంత తేలిగ్గా చెప్పకండి. మొన్నామధ్య వానాకాలంలో నేను అదే చేశాను. బార్ సగం దాటాక కరెంటు పోయింది. తిరిగొచ్చాక ఫ్యాన్లు తిరుగుతున్నాయి, స్క్రీన్ నల్లగా ఉంది. బోర్డు అంతే.

కొరాపుట్_కాఫీ
తమ్ముడూ, ముందు బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపించే సెట్టింగు) ఆన్ చేసి ఉందో లేదో చూడు.

మహేంద్రగిరి
నాగావళి గారూ, ఏఎం5లో మాత్రం బయోస్ అప్‌డేట్ తప్పుతుందా? మొదట్లో వచ్చిన బి650 బోర్డులో 9000 సిరీస్ పెట్టాలంటే అక్కడా అప్‌డేట్ చేయాల్సిందే. 2023లో ఎక్స్3డీ (ఎక్కువ క్యాష్ ఉన్న) ప్రాసెసర్లు కాలిపోతుంటే వోల్టేజీ తగ్గించింది కూడా బయోస్ అప్‌డేట్లతోనే కదా. యూపీఎస్ పెట్టుకుని చేస్తే ఏమీ కాదు.

నాగావళి_రాయగడ
యూపీఎస్ అందరిళ్లలో ఉంటుందా? మీ ఇంట్లో ఉంది కాబట్టి అంటున్నారు.

బరంపురం_పట్టు
ఆ ఇంటెల్ కాంబో వద్దు. ఎల్‌జీఏ 1700 సాకెట్ 14వ తరంతో ఆగిపోయింది. బోర్డు కొత్తగా కొనీ పాత సాకెట్‌లోనే ఉండిపోతావు.

మహేంద్రగిరి
యూపీఎస్ లేకపోతే షాపుకి పట్టుకెళ్తాడు. ఒక్క అరగంట పని! దానికోసం కుర్రాడి చేత 30 వేలూ ఖర్చు పెట్టిస్తారా? 2025 చివరి నుంచి డీడీఆర్5 ధర ఎలా పెరిగిందో చూస్తున్నారా? బోర్డు, ప్రాసెసర్ కొనేసరికే డబ్బు అయిపోతుంది, ర్యామ్‌కి ఇంట్లో మళ్లీ చెయ్యి చాపాలి. మీరు పోగొట్టుకున్న బోర్డు లెక్క అతని మీద వేయకండి.

నాగావళి_రాయగడ
పోగొట్టుకున్నది బోర్డు ఒక్కటే అనుకుంటున్నారా? దాన్ని పట్టుకుని రాయగడ నుంచి విశాఖ రెండుసార్లు రైలెక్కాను. మొదటిసారి కౌంటర్లో బిల్లు అడిగారు. నా దగ్గర ఉన్నది షాపాయన పెన్నుతో రాసిచ్చిన చీటీ, దాని మీద సీరియల్ నంబరు లేదు. ఒడిశాలో కొన్నారు కదా, భువనేశ్వర్ వెళ్లండి అన్నారు. రెండోసారి షాపాయనతో ఫోన్లో మాట్లాడించినా ఒప్పుకోలేదు. మూడు నెలలు సిస్టమ్ లేదు నాకు. ఆ కుర్రాడి బోర్డు 2019ది, వారంటీ ఎప్పుడో అయిపోయుంటుంది. రేపు అది పోతే ఎవరినడుగుతాడు? బిల్లుతో, మూడేళ్ల వారంటీతో కొత్త బోర్డు ఉంటే గుండె మీద చెయ్యేసుకుని పడుకుంటాడు. నేను చెప్పేది అదీ.

మహేంద్రగిరి
ఇది మొదటే చెప్పాల్సింది. మీ అభ్యంతరం 5600 మీద కాదన్నమాట, ఆ పాత బోర్డు మీద. అక్కడే మనకి పడడం లేదు. ఇన్నేళ్లు తిన్నగా నడిచిన బోర్డుని నేను నమ్ముతాను. నాదీ బి450యే, అందులో ఇది మూడో ప్రాసెసర్. ఒకవేళ రేపు బోర్డు పోయినా 5600 చేతిలో ఉంటుంది, ఇంకో ఏఎం4 బోర్డు వేసుకోవచ్చు. మిగిలిన డబ్బు అందుకే దాచుకోమంటున్నాను.

నాగావళి_రాయగడ
మీకు బోర్డు పోలేదు కాబట్టి నమ్మకం. నాకు పోయింది.

గుణుపురం_వంశధార
కొరాపుట్ అన్నా, చూశాను. ర్యామ్ కిట్టు 3200ది, నడుస్తున్నది 2133లో! ఇన్నేళ్లూ అలాగే ఉంది. ఎక్స్‌ఎంపీతో 3200 పెట్టాను, అదే వీధిలో ఇప్పుడు 58 వస్తోంది. అయినా కార్డు 70 శాతం దగ్గరే ఆగుతోంది కాబట్టి ప్రాసెసర్ మార్చక తప్పదు. నాన్నగారితో మాట్లాడాను, 5600కే ఒప్పుకున్నారు. పర్లాకిమిడిలో యూపీఎస్ ఉన్న షాపు ఒకటి తెలుసు, ఆదివారం రైల్లో క్యాబినెట్ మొత్తం తీసుకుని వెళ్తాను.

నాగావళి_రాయగడ
నేను ఇప్పటికీ ఏఎం5 అనే అంటాను. సరే, వెళ్తున్నావు కాబట్టి విను. జీఎస్టీ బిల్లు అచ్చువేసినదే అడుగు, డబ్బా మీది సీరియల్ నంబరు అందులో రాయించు. బోర్డు మీద అచ్చయిన మోడల్ పేరు, రివిజన్ నంబరు ఫొటో తీసుకో. బయోస్ ఫైలు అదే రివిజన్‌ది కావాలి. అప్‌డేట్ అయ్యాక పాత ప్రాసెసర్‌తోనే ఒకసారి ఆన్ చేయించి చూడు, ఆ తర్వాతే విప్పనియ్యి.

మహేంద్రగిరి
ఆ చివరి మాట గుర్తుపెట్టుకో తమ్ముడూ. థర్మల్ పేస్టు కూడా ఒకటి కొనుక్కో.